ఊళ్ళలో మా సంవత్సరం: మీ ఇంటికి పనికివచ్చే లెక్క



మా ఆసుపత్రిలో డాక్టర్లను, సిస్టర్లను, ల్యాబును, మందుల గదిని మీరు చూసే ఉంటారు. మీకు కనబడని చిన్న విభాగం ఇంకొకటి ఉంది. అదే గ్రామ ఆరోగ్య విభాగం. ఒక జీపు, కొద్దిమంది నర్సులు, ఊరూరా మాకు సహకరించే కొందరు స్త్రీలు, అంతే. వీరి పని అంతా ఆసుపత్రి గేటు బయట జరుగుతుంది. సంవత్సరం ముగిసేటప్పుడు వీరు రిజిస్టర్లన్నీ ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఈ ఏడాది మనం చేసిన పని వలన ఎవరికైనా మేలు జరిగిందా అని చూసుకుంటారు.

ఆ లెక్క మీకెందుకు అని అడగవచ్చు. మీ మనిషి నేడో రేపో డిశ్చార్జి అవుతారు. ఇక్కడ వారం రోజులు చేసిన వైద్యం నిలబడాలంటే ఆ తరువాత మూడు వందల యాభై రోజులు ఇంట్లో జరిగేది ముఖ్యం. ఆ రోజుల్లో డాక్టరు పక్కన ఉండరు. మీరు ఉంటారు. అందుకే ఈ లెక్క మీకు చెబుతున్నాము.

ఏది అసలు లెక్క?

ఎన్ని వైద్య శిబిరాలు పెట్టాము, ఎంతమందికి మాత్రలు ఇచ్చాము అని లెక్క చెప్పడం సులభం. ఫోటోలు కూడా బాగుంటాయి. కాని ఒక శిబిరంలో రెండు వందల మందికి బలం మాత్రలు పంచితే రక్తహీనత తగ్గిందని అర్థమా? మాత్రలు ఇంటికి చేరాయి. ఎంతమంది మింగారు? ఎందరికి రక్తం పెరిగింది? అసలు లెక్క అక్కడ మొదలవుతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. ప్రజారోగ్యంలో మంచి పని జరిగితే ఏమీ జరగనట్టే ఉంటుంది. విరేచనాలతో చనిపోవలసిన బిడ్డ చనిపోలేదు. పక్షవాతం రావలసిన పెద్దాయనకు రాలేదు. రానిదానిని ఎవరు చూస్తారు? ఎవరు కృతజ్ఞత చెబుతారు? దానిని కనిపెట్టడానికి ఒక్కటే దారి. ఏళ్ళ తరబడి ఊళ్ళో పుట్టినవారిని, పోయినవారిని, జబ్బుపడినవారిని రాసిపెట్టుకోవాలి. అలా రాసిపెట్టుకున్న ఒక చిన్న సంస్థ కథ మీకు చెబుతాము.

జామ్‌ఖేడ్‌లో ఏమి జరిగింది?

మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్, నేటి అహిల్యానగర్ జిల్లాలో జామ్‌ఖేడ్ అనే ఊరు ఉన్నది. కరువు ప్రాంతము. డాక్టర్ రజనీకాంత్ అరోలే, ఆయన భార్య డాక్టర్ మేబుల్ అరోలే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. మొదట వడాలలోని మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ వారు గమనించిన సంగతి ఏమిటంటే, వచ్చే జబ్బులలో చాలావరకు ముందే ఆపగలిగినవి. ఆసుపత్రిలో నయమై వెళ్ళినవారు అదే నీరు త్రాగి, అదే అరకొర తిండి తిని, అదే జబ్బుతో మరల వచ్చేవారు.

1970లో వారు జామ్‌ఖేడ్ వచ్చి సమగ్ర గ్రామీణ ఆరోగ్య పథకాన్ని ప్రారంభించారు. ఊరివారిని అడిగితే మందులు కావాలని అనలేదు. తిండి, నీరు కావాలన్నారు. కొద్ది కాలానికే మహారాష్ట్రను పెద్ద కరువు పట్టింది. డాక్టర్లు బోరు బావుల పని, పిల్లలకు వంటశాలల పని నెత్తిన వేసుకున్నారు. బోర్లు దళితవాడలలో వేయించారు. మంచినీటి కోసం అన్ని కులాలవారు అక్కడికే వచ్చారు. బావి దగ్గర మొదలైన ఆ మార్పు కూడా ఆరోగ్యంలో భాగమే.

మొదట ఊళ్ళలో పనికి శిక్షణ పొందిన నర్సులను పెట్టి చూశారు. బయటినుంచి వచ్చిన ఆ అమ్మాయిలు పల్లెలో ఒంటరిగా నిలదొక్కుకోవడం కష్టమయింది. ఊరివారు కూడా వారితో మనసు విప్పి మాట్లాడలేదు. అప్పుడు ఊళ్ళోని స్త్రీలనే ఎంచుకున్నారు. వారిలో చాలామంది బడి మొహం చూడనివారు. కడ కులాలవారు, భర్త వదిలేసినవారు కూడా ఉన్నారు. వారానికొకసారి జామ్‌ఖేడ్‌కు పిలిచి కొద్దికొద్దిగా నేర్పించారు. పిల్లల తూకం చూడడం, గర్భిణిని పరీక్షించడం, శుభ్రంగా పురుడు పోయడం, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్ళు కలపడం, క్షయను, కుష్ఠును గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. 1971లో ఆ గ్రామాలలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లలలో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1976 నాటికి ఆ సంఖ్య 52కు దిగింది. ఈ అయిదేళ్ళలో అక్కడ గొప్ప గొప్ప యంత్రాలు రాలేదు. ప్రతి ఊళ్ళో తెలిసిన మనిషి ఒకరు తయారయ్యారు. 1979లో అరోలే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. మేబుల్ గారు 1999లో, రజనీకాంత్ గారు 2011లో ప్రభువునందు నిద్రించారు. 2005లో మన దేశంలో వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇలాంటి అనుభవాలే దారి చూపాయి. మీ ఊళ్ళో ఇంటింటికి వచ్చే ఆశా అక్కను చూసినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

మా పని జామ్‌ఖేడ్ అంత పెద్దది కాదు. అయినా మా రిజిస్టర్లు తెరిస్తే అదే పాఠం కనబడుతుంది. ఒక్కొక్కటి చూద్దాము.

తల్లుల రిజిస్టరు

గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొక ఇనుము మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. మాత్రలు ఇంట్లో మిగిలిపోయిన చోట మేము కారణం అడుగుతాము. వినబడే జవాబులు ఇవి: "వికారంగా ఉందమ్మా", "విరేచనం నల్లగా అవుతోంది", "బిడ్డ నల్లగా పుడతాడంట".

వికారం ఉంటే రాత్రి అన్నం తిన్న తరువాత వేసుకోవచ్చు. విరేచనం నల్లబడడం ఇనుము వలన, దానితో హాని లేదు. బిడ్డ రంగుకు, మాత్రకు సంబంధం లేదు. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మకాయ నీళ్ళతో బాగా పడుతుంది. కాల్షియం మాత్రను వేరే పూట వేయండి.

అత్తగారికి, అమ్మకు ఒక మనవి. బాలింతకు పత్యం పేరుతో పప్పు, కూర, పండ్లు, మంచినీళ్ళు కూడా తగ్గించేస్తున్నారు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీరు కావాలి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నోట పోయవద్దు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు, నీళ్ళు కూడా అక్కర లేదు.

గర్భిణికి రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకబారడం, ముఖము చేతులు వాయడం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారే వరకు ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

విరేచనాల రిజిస్టరు

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి త్రాగించమన్నారు. త్రాగించినది ఎవరు? ఎక్కువగా రోగుల బంధువులే. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోతున్న చోట, మరణాలు నూటికి నలుగురికన్నా తక్కువకు పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

కలరా అంతటి జబ్బులో బంధువులు గ్లాసుతో ప్రాణం కాపాడగలిగారు. మన ఊళ్ళలో మాత్రం బిడ్డకు విరేచనాలు పట్టుకోగానే కడుపు ఎండగడుతున్నారు. లంఖణం పరమౌషధం అనే సామెత ఇక్కడ పనికిరాదు. నీరు, ఉప్పు పోయిన బిడ్డకు తిండి కూడా ఆపితే ప్రాణానికే ముప్పు.

మీరు చేయవలసినవి:

– పెద్ద ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. చిన్న ప్యాకెట్టు అయితే దాని మీద రాసిన కొలత చూడండి. కలిపినది 24 గంటలలో వాడేయాలి.
– రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత పావు గ్లాసు నుంచి అర గ్లాసు, పెద్ద పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు, చెంచాతో మెల్లగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మరల పట్టండి.
– తల్లిపాలు ఆపవద్దు. పెద్ద పిల్లలకు గంజి, మజ్జిగ, మెత్తని అన్నం పెట్టండి.
– జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా ఆపవద్దు.
– నెత్తురు పడినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, త్రాగలేకపోయినా, మూత్రం రాకపోయినా వెంటనే తీసుకురండి.

దుకాణంలో ఓ.ఆర్.ఎస్. పేరుతో డబ్బాల్లో అమ్మే తీపి రసాలు విరేచనాలకు మందు కావు. వాటిలో చక్కెర ఎక్కువ, అది విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

దగ్గు రిజిస్టరు

క్షయ అనగానే మన తెలుగు పెద్దలకు మదనపల్లె ఆరోగ్యవరం గుర్తుకు వస్తుంది. 1912లో మిషన్లవారు కలిసి స్థాపించిన శానిటోరియం అది. సరైన మందులు లేని కాలంలో రోగులు నెలల తరబడి అక్కడ ఉండేవారు. గాలి, విశ్రాంతి, మంచి తిండే వైద్యం. మందులు వచ్చిన తరువాత ఒక ప్రశ్న పుట్టింది. పేదవాని ఇరుకు ఇంట్లో ఉంచి మందులిస్తే నయమవుతుందా? ఇంట్లోవారికి అంటుకోదా?

1956లో మద్రాసులో ఈ ప్రశ్న మీద పరిశోధన ప్రారంభమయింది. కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి ఒక సంవత్సరం ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్నవారికి దాదాపు అంత బాగానే నయమయింది. తరువాత అయిదేళ్ళు వారి కుటుంబాలను గమనించారు. రోగిని ఇంట్లో ఉంచుకున్నందువలన వారికి క్షయ ఎక్కువగా రాలేదు. మందు మొదలుపెట్టకముందే అంటుకోవలసినది అంటుకుంటుంది, మందు సక్రమంగా పడితే అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది. నేడు ప్రపంచమంతటా క్షయ రోగులు ఇంటివద్ద ఉండి మందులు వాడడానికి ఈ మద్రాసు పరిశోధన ముఖ్యమైన ఆధారం.

మా రిజిస్టరులో మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది రెండో నెల. అప్పటికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు పడుతుంది. "బాగయింది కదమ్మా, ఇంకా మందులెందుకు?" అంటారు. కొన్ని క్రిములు ఇంకా బ్రతికే ఉంటాయి. మందు మధ్యలో ఆపితే అవి మందుకు లొంగని రకంగా మారవచ్చు. అప్పుడు వైద్యం ఇంకా కష్టము. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు పడుతుంది. ఒక్క రోజు కూడా మానకుండా మాత్ర మింగించే మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి. ఆ ఒకరు మీరే కండి.

కంచం, గ్లాసు వేరు చేయవద్దు. క్షయ గిన్నెల వలన రాదు, దగ్గినప్పుడు గాలిలో కలిసే తుంపరల వలన వస్తుంది. కిటికీ తెరిచి ఉంచండి. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డుపెట్టుకోమనండి. మనిషిని దూరం పెట్టవద్దు.

తిండి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2023లో జార్ఖండ్ పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. క్షయ రోగుల కుటుంబసభ్యులకు ఆరు నెలల పాటు ఆహార దినుసులు ఇచ్చారు. ఇవ్వని కుటుంబాలతో పోల్చితే వీరిలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. అంటే బియ్యం, పప్పు కూడా మందే. ప్రభుత్వం క్షయ రోగికి పోషణ కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నది. మీ రోగి పేరు నమోదయిందో లేదో అడగండి. ఇంట్లోని మిగతావారిని, ముఖ్యంగా చిన్నపిల్లలను పరీక్ష చేయించండి. జబ్బు లేనివారికి రాకుండా ఆపే మందులు కూడా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు, సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్ష ఉచితము.

బీపీ, షుగరు రిజిస్టరు

ఈ రిజిస్టరులో పేరు రాయించుకున్నవారు చాలామంది. మానకుండా మందు వాడేవారు తక్కువ. బీపీకి నొప్పి లేదు. కొలత సరిగా వచ్చిందంటే జబ్బు పోయిందనుకుని మాత్ర ఆపుతారు. కొలత సరిగా వచ్చింది మాత్ర వలననే. "అలవాటు పడిపోతానేమో" అనే భయం ఇంకొకటి. అన్నం రోజూ తింటాము, దానిని వ్యసనం అనము. ఈ మాత్ర కూడా అలాంటి అవసరమే.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. మన ఇళ్ళలో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒక్క పూటలోనే ఆ లెక్క దాటిస్తాయి. రోగికి వేరే వంట చేస్తే వారం రోజులకు మించి సాగదు. ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించండి, అందరికీ మేలు.

షుగరు ఉన్నవారి పాదాలను రోజూ రాత్రి మీరు దీపం దగ్గర చూడండి. వారికి స్పర్శ తగ్గి ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు దగ్గర జాగ్రత్తపడితే కాలు నిలుస్తుంది.

మూతి ఒక ప్రక్కకు పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. ఆకు పసరు, మంత్రం, ఊళ్ళో సెలైన్ అంటూ ఆ గంటలు పోగొట్టవద్దు.

డిశ్చార్జి రోజు అడగవలసినవి

రోగి సంబరంగా ఉంటారు, బండి బయట ఆగి ఉంటుంది, బిల్లు హడావుడి ఉంటుంది. అయినా ఒక పది నిమిషాలు ఆగి సిస్టరుగారిని ఇవి అడగండి.

1. ఏ మాత్ర ఏ పూట, ఎన్ని రోజులు? ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారు?
2. ఏ గుర్తులు కనబడితే వెంటనే తిరిగి రావాలి?
3. ఏమి తినాలి, ఏ పత్యం అవసరం లేదు?
4. ఇంట్లో ఇంకెవరికైనా పరీక్ష చేయించాలా?
5. మా ఊళ్ళో ఈ జబ్బు సంగతి చూసేది ఎవరు? ఆశా అక్కకు ఏ కాగితం చూపించాలి?

సిగ్గుపడవద్దు. అర్థం కాకపోతే రెండోసారి అడగండి. చెప్పినది మీ మాటల్లో మరల చెప్పి చూపించండి. తప్పుంటే సిస్టరుగారు అక్కడే సరిదిద్దుతారు.

మీ ఇంట్లో ఒక రిజిస్టరు

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీయండి. మాత్ర వేసిన రోజున ఒక గీత గీయండి. బీపీ, షుగరు, బరువు కొలిపించిన రోజున అంకె రాయండి. చదువు రానివారు ఇంట్లోని బడిపిల్లవానిచేత రాయించవచ్చు. మరల చూపించుకోవడానికి వచ్చినప్పుడు దానిని తెచ్చి డాక్టరుగారికి ఇవ్వండి. మీరు మాటలతో చెప్పేదానికన్నా ఆ గీతలు స్పష్టంగా చెబుతాయి.

మంచి సమరయుని కథ మీలో చాలామంది విన్నారు. గాయపడినవానికి కట్టు కట్టి, పూటకూళ్ళ ఇంట చేర్చి, ఖర్చుకు డబ్బిచ్చి ఆయన అక్కడితో వదిలేయలేదు. తిరిగి వచ్చినప్పుడు మిగిలినది చూసుకుంటానన్నాడు. వైద్యంలో కూడా ఆ తిరిగి వచ్చి చూసుకునే భాగమే ఎక్కువ రోజులు పడుతుంది, ఎవరికీ కనబడదు. వచ్చే సంవత్సరం మా రిజిస్టర్లలో మీ ఊరి పేజీ ఎలా ఉంటుందో చాలావరకు మీ చేతుల్లో ఉన్నది. మీ మనిషి పేరు ఎదుట "మందులు పూర్తి చేశారు, బాగున్నారు" అని రాసుకునే భాగ్యం మాకు కలుగును గాక. దేవుడు మీ కుటుంబమును ఆరోగ్యముతో కాపాడును గాక.